నల్ల అక్షరం ఒక్క ప్లేటు మీదే ఉండాలి

నిన్న ఒక కవితా సంపుటి ప్రూఫు చేతికొచ్చింది. ‘స్త్రీ’లో క్రావడి అంచున సన్నటి ఎర్రగీత, పక్కనే నీలినీడ. సున్నాలు సగం పూడిపోయాయి. మెషీన్ దగ్గర తేడా జరిగిందనుకున్నాం. తీరా చూస్తే తప్పు ఫైల్లోనే ఉంది. అక్షరాలకు ఆర్జీబీ నలుపు వేశారు.

స్క్రీన్ మీద అది నలుపే. ఒక్కో సిరాకి ఒక్కో ప్లేటుగా విడదీసే సెపరేషన్‌కి వెళ్లేసరికి నాలుగు ముక్కలవుతుంది. ఫోటోషాప్‌లో చాలాకాలంగా ఉన్న అమెరికన్ స్వాప్ ప్రొఫైల్‌తో మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 శాతం. మొత్తం 300. అంటే ఒక్క ‘క్ష్మ’ నాలుగు ప్లేట్ల మీదా పడాలి, నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. కాగితం కాస్త సాగినా కలవవు. ఫోటోలో ఆ తేడా కంటికి ఆనదు. వత్తులు, గుడులు కిక్కిరిసిన మన లిపిలో మాత్రం చదవడానికే కష్టమవుతుంది.

అందుకే పాఠ్యానికి బ్లాక్ 100, మిగతా మూడూ సున్నా. రంగు నేల మీదైతే నలుపు ఆ రంగు మీదే పడేలా ఓవర్‌ప్రింట్ కూడా పెట్టాలి, లేకపోతే ప్లేట్లు కాస్త కదిలినా అక్షరం చుట్టూ తెల్లంచు కనబడుతుంది.

పుస్తకం వేసుకునే మిత్రులకు ఒక్క విన్నపం. పీడీఎఫ్ పంపేముందు అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరవండి. బ్లాక్ ఒక్కటి తీసేయండి. పేజీలో నల్ల అక్షరాలు ఇంకా కనిపిస్తుంటే ఆ ఫైలు ప్రెస్సుకి పంపకండి.