చిన్న తరగతికి పెద్ద చదువు

గత ఏడాది ఎండాకాలంలో ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగిసిన కాసేపటికి, మా అన్నగారి చిన్నమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో ఇంటర్ మార్కుల మెమో, ఆధార్ కార్డు నకలు, నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక ముక్క ఉన్నాయి. "చాచా, చాచీ, మీరు అబ్బాతో ఒక మాట చెప్పాలి" అన్నది. మడత విప్పి చూస్తే అది డీఈఈసెట్ ప్రకటన. దరఖాస్తు గడువు దగ్గర పడింది.

మేము జైనూర్‌లో ఉంటాము. మాలో ఒకరిది బట్టల దుకాణం. ఇంకొకరు సాయంత్రాలు ఇంట్లోనే వాడకట్టు పసివాళ్లకు ఖాయిదా చెబుతారు. కుటుంబంలో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాళ్లం మేమిద్దరమే కావడంచేత, పిల్లల చదువు మాట వచ్చినప్పుడల్లా అందరూ మా ముఖమే చూస్తారు. ఆ నమ్మకాన్ని మేము ఒకసారి నిలుపుకోలేకపోయాము. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

అన్నగారి పెద్దమ్మాయికి కూడా చిన్నపిల్లలకు చదువు చెప్పాలనే కోరిక ఉండేది. ఇంటర్ కాగానే ఏం చేయాలని మమ్మల్ని అడిగింది. "డిగ్రీ చెయ్యి బేటీ, తరువాత బి.ఎడ్. చెయ్యి, అది పెద్ద చదువు, పెద్ద చదువు ఉంటే చిన్న ఉద్యోగం ఎటూ వస్తుంది" అని చెప్పాము. ఎవరినీ విచారించలేదు. అప్పటికి మా సలహాకు ఆధారం లేకపోలేదు: జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018 జూన్ 28న వెలువరించిన ప్రకటన ప్రకారం, ఒకటి నుండి ఐదు తరగతులకు బోధించడానికి బి.ఎడ్. వారు కూడా అర్హులే. అయితే 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ ప్రకటన చెల్లదని తీర్పు చెప్పింది. 2024 ఫిబ్రవరి చివరన మన రాష్ట్రంలో 11,062 పోస్టులకు డి.ఎస్.సి. ప్రకటన వచ్చినప్పుడు, అందులో 6,508 సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులే. మా పెద్దమ్మాయి వాటిలో ఒక్కదానికీ దరఖాస్తు చేయలేకపోయింది. ఐదేళ్లు చదివిన పిల్ల ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా గిన్నెలు తోముతూ కూర్చున్నది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తీర్పును మేము తప్పుపట్టము. బి.ఎడ్. శిక్షణ పై తరగతుల బోధనకు ఉద్దేశించినది, పసిపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య, ఆ విద్య నేర్వనివారి చేతిలో వారిని పెట్టడం నాణ్యమైన విద్యకు విరుద్ధం అన్నది దాని సారాంశం. అది సరైన మాటే. మాకు ఆలస్యంగా తెలిసింది, అంతే.

చిన్నమ్మాయి ఆ వేరే విద్య అవసరాన్ని తీర్పు చదివి తెలుసుకోలేదు. ఇంటర్ పరీక్షలు రాసిన తరువాత ఏడాదిపాటు ఊళ్లోని ఒక ప్రైవేటు బడిలో ఎల్.కె.జి. చెప్పింది. ఒకే గదిలో ముప్పైమందికి పైగా పిల్లలు. ఉర్దూ మాట్లాడేవారు కొందరు, తెలుగువారు కొందరు, లంబాడీ, మరాఠీ ఇళ్లవారు కొందరు, మిగిలినవారు గోండు పిల్లలు. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. మొదటి వారంలో ఒక గోండు పిల్లవాడు "ఏర్, ఏర్" అంటూ ఏడుస్తుంటే, ఏ ఏటి సంగతో చెబుతున్నాడనుకుని అమ్మాయి బుజ్జగించిందట. వాడు అడిగింది మంచినీళ్లు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. పక్కనున్న ఆయమ్మ చెప్పేదాకా ఆ పసివాడు దాహంతోనే ఉన్నాడు. "చాచీ, నాకు అక్షరాలు వచ్చు, పిల్లలు రారు" అన్నది అమ్మాయి మాతో. ఆ మాట మాకు చాలారోజులు గుర్తుండిపోయింది.

అన్నగారితో మాట్లాడటం అంత సులభం కాలేదు. ఆయనకు చదువంటే వ్యతిరేకత లేదు. పెద్దమ్మాయి అనుభవమే ఆయన గుండెలో ముల్లు. "పాలపళ్లు ఊడని పిల్లలతో అలిఫ్, బే దిద్దించడానికి రెండేళ్ల చదువు కావాలా? ఇప్పుడు చెబుతున్నది కదా" అన్నారు. పైగా ఆసిఫాబాద్ వైపు నుండి ఒక సంబంధం వచ్చి ఉంది. మాలో ఖాయిదా చెప్పేవారు అప్పుడు కల్పించుకున్నారు: "భాయిజాన్, పెంపుడు పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న అబూ ఉమైర్‌ను దైవప్రవక్త (స) ఎలా పలకరించారో మీకు తెలియనిదా? పెద్ద పెద్ద మాటలు చెప్పలేదు, ఆ పిట్ట సంగతే అడిగారు. పసివాడి మనసులోకి వాడి పిట్ట గుండానే వెళ్లాలి. ఆ దారి అందరికీ పుట్టుకతో రాదు." అన్నగారు జవాబు చెప్పలేదు. కాదని కూడా అనలేదు. "ఈసారి మాత్రం అన్నీ కనుక్కొని రండి" అన్నారు. ఈసారి అన్న ఆ ఒక్క మాటలో చెప్పవలసినదంతా ఉంది.

అందువల్ల ఈసారి నిజంగానే కనుక్కున్నాము. ఉట్నూరు మీదుగా ఆదిలాబాదుకు రెండుసార్లు వెళ్లాము, ఉపాధ్యాయ మిత్రులను అడిగాము. మేము తెలుసుకున్నది ఇతర కుటుంబాలకూ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

డీఈఈసెట్ అనే ఒకే ప్రవేశపరీక్షతో రెండు దారులు తెరుచుకుంటాయి. ఒకటి డి.ఎల్.ఎడ్., అంటే ప్రాథమిక విద్యలో డిప్లొమా. రెండవది డి.పి.ఎస్.ఇ., అంటే పూర్వ ప్రాథమిక విద్యలో డిప్లొమా. రెండూ రెండేళ్ల చదువులే, రెంటికీ ఇంటర్ చాలు; మార్కులు 50 శాతం ఉండాలి, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. పదిహేడేళ్లు నిండాలి. ఒకేషనల్ ఇంటర్ చదివినవారికి డి.ఎల్.ఎడ్.లో ప్రవేశం లేదు. పదో తరగతి కాగానే "ఏదో ఒక ఇంటర్" అని చేర్పించే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్షను తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మాధ్యమాల్లో రాయవచ్చు.

మా అమ్మాయి మనసు డి.పి.ఎస్.ఇ. మీద ఉంది. మూడు నుండి ఆరేళ్ల పిల్లల కోసమే రూపొందిన చదువు అది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో నిర్ణయించిన కనీస అర్హతల ప్రకారం నర్సరీ టీచరుకు ఉండవలసింది ఇంటర్, దానిపై ఇటువంటి రెండేళ్ల డిప్లొమా. లేదా నర్సరీ విభాగంలో బి.ఎడ్. కాని చిక్కు ఇక్కడే ఉంది. డి.పి.ఎస్.ఇ. చెప్పే కళాశాలలు రాష్ట్రంలో కొద్దిగానే ఉన్నాయి. అది చదివినవారు ప్రభుత్వ బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్ కాలేరు. ఆ పోస్టుకు డి.ఎల్.ఎడ్., దానిపై టెట్ మొదటి పేపరు, ఆ తరువాత డి.ఎస్.సి. కావాలి. మనసుకు దగ్గరైన చదువు ఉద్యోగానికి దూరంగా ఉంది. ఉద్యోగానికి దగ్గరైన చదువులో పసితనం ఒక భాగం మాత్రమే. అయితే పిల్లల పునాది దశను మూడేళ్ల నుండి ఎనిమిదేళ్ల వరకు ఒకటిగా చూడాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ లెక్కన ఒకటి, రెండు తరగతుల పంతులమ్మ కూడా పునాది దశ పంతులమ్మే. ఈ మాట అమ్మాయికి కొంత ఊరట కలిగించింది.

డిగ్రీ కూడా కావాలనుకునేవారికి మూడవ దారి ఉంది. ఇంటర్ తరువాత నాలుగేళ్లలో డిగ్రీ, బి.ఎడ్. కలిపి పూర్తిచేసే సమీకృత కోర్సు ఇది, 2023లో మొదలైంది. ఎన్.సి.ఇ.టి. అనే జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. పునాది, సన్నాహక, మాధ్యమిక, ద్వితీయ అని నాలుగు దశలుగా దాన్ని రూపొందించారు. మీరు చేరే కళాశాలలో ఏ దశకు బోధిస్తున్నారో అడగకుండా చేరవద్దు. మేము పెద్దమ్మాయి విషయంలో చేసిన పొరపాటు సరిగ్గా ఆ అడగకపోవడమే. 2030 నాటికి ఉపాధ్యాయులకు నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్. కనీస అర్హత కావాలన్నది విద్యావిధానం లక్ష్యం. కనుక ఇప్పుడు తొమ్మిది, పది చదివే పిల్లలున్న ఇళ్లవారు ఈ దారిపై ఒక కన్ను వేసి ఉంచాలి.

మన ఇళ్లలో సాధారణంగా వినిపించే ఇంకొక మాట: "హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది కదా, మన పిల్లలకు సీటు ఇస్తారు." నిజమే, 1998లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో డి.ఎల్.ఎడ్. చెబుతుంది. కాని ఇంట్లో ఉర్దూ మాట్లాడినంతమాత్రాన అర్హత రాదు. ఉర్దూ మాధ్యమంలో చదివి ఉండాలి, లేదా బడిలో ఉర్దూ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా గుర్తింపు పొందిన మదరసా చదువు ఉండాలి. మా అమ్మాయిలిద్దరూ తెలుగు మాధ్యమమే. గలగలా ఉర్దూ మాట్లాడే పిల్ల ఆ గుమ్మం దగ్గర ఆగిపోయింది. రెండవ భాషగానైనా ఉర్దూ ఇప్పించి ఉంటే బాగుండేదని అన్నగారు ఆ రోజు మొదటిసారి అన్నారు.

దూరవిద్యలో ఇగ్నో వారి శిశు సంరక్షణ, విద్య డిప్లొమా ఉంది. ఇల్లు కదలలేని తల్లులకు, ఇప్పటికే ప్రైవేటు నర్సరీలో పనిచేసేవారికి అది జ్ఞానం ఇస్తుంది. ప్రభుత్వ ప్రాథమిక ఉపాధ్యాయ ఉద్యోగానికి మాత్రం చెల్లదు. ఇక అంగన్‌వాడీ. మా వంటి ఏజెన్సీ మండలంలో ఆ గూడెపు స్త్రీయే ఆ గూడెం పిల్లలకు టీచరు కావడం సబబని మా అభిప్రాయం. నీళ్లు అడిగిన పిల్లవాడికి నీళ్లు దొరకాలి కదా.

ఈ విచారణల మధ్య ఒకరోజు మర్లవాయి వెళ్లవలసి వచ్చింది. పెళ్లిబట్టల బాకీ వసూలుకు వెళ్లాము. అన్నగారూ వెంట వచ్చారు. మర్లవాయి మా మండలంలోనిదే. 1940లో కుమురం భీం పోరాటం తరువాత ఆదివాసుల కష్టాలు అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పంపిన హైమన్‌డార్ఫ్ దొర, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ కాపురమున్న ఊరు అది. వారి సమాధులు అక్కడే ఉన్నాయి. వాటిని చూడనివారు మా ప్రాంతంలో తక్కువ. కాని 1943లో అదే ఊళ్లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం తెరిచారన్న సంగతి ఎందరికి గుర్తుంది? దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారుచేసి, పిల్లవాడి ఇంటిభాషతోనే చదువు మొదలుపెట్టించారు. బాకీ ఇవ్వవలసిన పెద్దాయన తన తాత అక్కడే పంతులు తర్ఫీదు పొందాడని చెప్పి, "అడవిలో బడి పెట్టేముందు పంతులును తయారుచేశారు" అన్నాడు. అన్నగారు ఆ మాట విని సమాధుల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బాకీ సగమే వచ్చింది. ఆ సంగతి వేరు.

ఫిన్లాండులో కిండర్‌గార్టెన్ టీచరుకు విశ్వవిద్యాలయ పట్టా కావాలి. అమెరికాలో ప్రభుత్వ బడిలో చేరాలంటే డిగ్రీతోపాటు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. మన దగ్గర మందుల దుకాణానికి, ఆటోకు లైసెన్సు అడుగుతారు. నాలుగేళ్ల పిల్లను అప్పగించే బడిలో టీచరు అర్హత ఏమిటని మాత్రం ఫీజు కట్టే తండ్రి అడగడు. రాసిన నియమం 2014 నుండే ఉంది. మేమూ మా పిల్లలను చేర్పించినప్పుడు అడగలేదు. బస్సు వస్తుందా, బూట్లు వాళ్లే ఇస్తారా అని అడిగాము.

గడువుకు రెండు రోజుల ముందు దరఖాస్తు పంపాము. మొదటి ఎంపిక డి.ఎల్.ఎడ్. అని అమ్మాయే నిర్ణయించుకున్నది. సంబంధం వారికి అన్నగారే ఫోను చేసి, రెండేళ్లు ఆగగలరా అని అడిగారు, ఆలోచించి చెబుతామన్నారు. ఇంతవరకు చెప్పలేదు. పరీక్షకు తయారీ చేయించింది పెద్దమ్మాయి. ఇషా తరువాత అక్కాచెల్లెళ్లిద్దరూ గణితం, సాంఘికశాస్త్రం పుస్తకాలు ముందేసుకొని కూర్చునేవారు. చెల్లెలు తప్పు చేస్తే అక్క కోప్పడేది కాదు. ఇంకొక విధంగా మళ్లీ చెప్పేది. మాకు అది చూస్తే సంతోషమూ కలిగేది, సిగ్గూ వేసేది.

పరీక్ష రోజున అన్నగారే అమ్మాయిని వెంటబెట్టుకొని తొలి బస్సుకు వెళ్లారు. మధ్యాహ్నం జుహర్ వేళ దుకాణానికి ఫోను వచ్చింది. పరీక్ష ఎలా రాసిందో చెప్పడానికనుకున్నాము. "లోపలే ఉంది, ఇంకా రాలేదు" అన్నారు. వెనుక నుండి ఎవరో మాట్లాడుతున్న సవ్వడి వినిపించింది. గేటు బయట నిలబడ్డ ఇంకొక ఆడపిల్ల తండ్రి అయి ఉంటాడు. "అది కాదు గాని, ఆదిలాబాదు డైట్‌లో ఆడపిల్లలకు హాస్టల్ సంగతేమిటో, నెలకు ఎంతవుతుందో కనుక్కొని పెట్టు. ఈయన కూడా అడుగుతున్నాడు."