ఉమ్మడి కాపురపు కంప్యూటర్

2014 అక్టోబరులో ఆపిల్ 27 అంగుళాల ఐమ్యాక్‌కు 5కే తెర బిగించి 2,499 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అడ్డంగా 5,120 చుక్కలు, నిలువుగా 2,880. మొత్తం కలిపితే కోటీ 47 లక్షల పైమాటే. అంతకు కొన్ని వారాల ముందే డెల్ అదే కొలతలతో ఒక మానిటర్‌ను ప్రకటించి 2,500 డాలర్లు చెప్పింది. అది వట్టి తెర ఖరీదు. అంటే ఆపిల్ దగ్గర తెర కొన్నవాళ్లకు కంప్యూటర్ ఊరికే వచ్చిందన్నమాట. పాడిగేదెను కొంటే దూడ తోడొచ్చిన బేరం.

పదేళ్లు తిరిగేసరికి గేదె ఇంకా నిండుగా పాలిస్తోంది, దూడే లేవలేకపోతోంది. ఆ తెర మీద అక్షరం ఇవాళ్టికీ అచ్చు పుస్తకంలో ఉన్నంత నున్నగా కనిపిస్తుంది. దాని వెనకున్న ప్రాసెసరూ డిస్కూ మాత్రం బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఆయాసపడతాయి. రెండూ ఒకే అల్యూమినియం ఒంట్లో ఉన్నాయి. ఒకటి మార్చాలంటే రెండోదాన్నీ సాగనంపాలి. పాత ఆల్ ఇన్ వన్ ముందు కూర్చున్న మనిషి నెలల తరబడి ఎటూ తేల్చుకోలేకపోవడానికి కారణం పిసినారితనం ఒక్కటే అనుకుంటే పొరపాటు.

టవర్ కంప్యూటర్‌లో ఎవరి కాపురం వారిది. మానిటర్ పోతే మానిటరే మారుతుంది, ర్యామ్ చాలకపోతే పక్క తలుపు విప్పి ఇంకో పుల్ల గుచ్చుతారు. పదేళ్ల నాటి పెట్టెలో పదేళ్ల నాటి వస్తువు ఒక్కటీ మిగలకపోయినా అది ‘పాత కంప్యూటరే’. ఆల్ ఇన్ వన్‌ది ఉమ్మడి కాపురం. వంటిల్లు ఒకటే, వాకిలి ఒకటే, బల్ల మీద కుదురుకోవడానికి ఒక్క కరెంటు తీగ చాలు. ఆ పొందికకు ముచ్చటపడి కొన్నవాళ్లే ఎక్కువ. ఆ ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే అందరికీ పథ్యమేనన్న సంగతి మాత్రం కొన్న రోజున ఎవరికీ తట్టదు.

మొదట్లో ఈ చిక్కు ఇంతగా లేదు. 1984 మ్యాకింటాష్‌లో తొమ్మిది అంగుళాల తెర, 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఒకే పెట్టెలో ఉండేవి. 1998లో వచ్చిన తొలి ఐమ్యాక్, నీలిపచ్చ రంగులో, నెత్తిన పట్టుకునే పిడితో, బొద్దుగా బొమ్మలా ఉండేది. పదిహేను అంగుళాల గాజు పిక్చర్ ట్యూబ్ చుట్టూ కంప్యూటర్‌ను అల్లారు. ఆ రోజుల్లో ట్యూబు వెలుగూ ప్రాసెసర్ జోరూ దాదాపు ఒకేసారి తగ్గేవి; ఆలుమగలిద్దరికీ ఒకేసారి నెరిసినట్టు. 2004లో ఐమ్యాక్ జీ5 మొత్తం యంత్రాన్ని పలుచటి ఎల్‌సీడీ తెర వీపున దాచింది. అప్పటినుంచి లెక్క తప్పింది. ఎల్‌సీడీ తెరలు పదేళ్లు సులువుగా నిలుస్తాయి. ఆ వేడి ఇరుకులో బతికే మిగతా భాగాలకు అంత ఓపిక లేదు. జీ5లోనే కెపాసిటర్లు ఉబ్బిపోతే, ఆపిల్ ఆ యంత్రాలకు ఉచితంగా మరమ్మతు చేసే పథకం నడపాల్సి వచ్చింది.

కాబట్టి ‘మార్చాలా’ అనే ముందు ‘ఎవరికి జబ్బు’ అని అడగాలి. చాలా ఇళ్లలో జబ్బు హార్డ్‌డిస్క్‌ది.

సన్నగా, చవగ్గా కనిపించాలన్న తాపత్రయంలో ఆల్ ఇన్ వన్‌లలో చాలాకాలం ల్యాప్‌టాప్ డిస్కులు పెట్టారు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే బాపతు అవి. 2019లో వచ్చిన 21.5 అంగుళాల 4కే ఐమ్యాక్‌లో కూడా చవక రకంలో అదే డిస్క్. డిస్క్ తిరిగి, అడిగిన చోటు చదివే హెడ్ కిందికి వచ్చేసరికి సెకనులో వందో వంతుకు పైగా గడిచిపోతుంది. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీకి అందులో మళ్లీ వందో వంతు చాలు. ఒక్కసారికైతే ఇది లెక్కలోకి రాదు గానీ, కంప్యూటర్ లేవడానికి అలాంటి వేల అడుగులు పడాలి. స్విచ్ నొక్కి, కాఫీ కలుపుకొని, పేపర్ మొదటి పేజీ ముగించి వచ్చినా చక్రం తిరుగుతూనే ఉండటం ఇందువల్లే. వేగంగా ఉంటుందని ఆపిల్ ఎస్‌ఎస్‌డీకీ హార్డ్‌డిస్క్‌కీ ముడివేసి ఫ్యూజన్ డ్రైవ్ తెచ్చింది. 2015లో ఒక టీబీ రకంలో ఆ ఎస్‌ఎస్‌డీ భాగాన్ని 128 జీబీ నుంచి 24 జీబీకి కోసేసింది. పేరు అదే, పులుసులో ముక్కలే తగ్గాయి.

విండోస్ యంత్రమైతే పరీక్ష చిన్నదే. టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ పనీ చేయకుండా కాసేపు చూడాలి. ప్రాసెసర్ పది శాతం దగ్గర కునుకు తీస్తూ, డిస్క్ నూరు శాతం దగ్గర రొప్పుతుంటే ప్రాసెసర్‌ను తిట్టి లాభం లేదు. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ గీత పచ్చగా ఉందో, పసుపుకో ఎరుపుకో తిరిగిందో చూస్తే ర్యామ్ చాలుతోందో లేదో తెలుస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఏ మెట్లెక్కినా ముందు వినిపించే మాట ‘ఎస్‌ఎస్‌డీ వేసేద్దాం సార్’ అనే. అందులో వ్యాపారం ఎంతో నిజమూ అంతే.

వేయడమే పెద్ద పని. 2012 తర్వాతి సన్నంచు ఐమ్యాక్‌ల తెరకు స్క్రూలు లేవు, చుట్టూ జిగురు టేపు. సన్నటి చక్రం లాంటి పనిముట్టుతో ఆ జిగురును అంచు వెంట కోసుకుంటూ రావాలి, గాజు పగలకుండా పైకెత్తాలి, లోపలి రిబ్బన్ తీగలు తెగకుండా విప్పాలి, మూసేటప్పుడు కొత్త టేపు అంటించాలి. చెయ్యి వణికితే ఖరీదైన తెరే పోతుంది. తలనొప్పికి వైద్యం చేయబోయి కళ్లకు తెచ్చుకున్నట్టు. అందుకే తెలిసినవాళ్లు గాజు జోలికి పోకుండా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ 3 తీగతో బయటే తగిలించి, దాని మీద సిస్టమ్ వేసుకుంటారు. వీపున టేపుతో అంటించిన ఆ చిన్న పెట్టెతో ఐదారేళ్ల యంత్రం మళ్లీ పడుచుదవుతుంది. 27 అంగుళాల ఐమ్యాక్‌లకు వీపున ర్యామ్ కోసం ఒక కిటికీ కూడా ఉంది. దాన్ని తెరవడానికి మెకానిక్ అక్కర్లేదు. 21.5 అంగుళాల వాటికి ఆ భాగ్యం లేదు.

ఇంకో తమాషా జబ్బు గడియారానిది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అరిగిపోయి, తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. బ్యాంకు సైటు తెరవబోతే ఆ తేదీ చూసి బ్రౌజర్ ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. వైరస్ అనుకుని, హ్యాకింగ్ అనుకుని, చివరికి కొత్త కంప్యూటర్ కొందామనుకున్నవాళ్లూ ఉంటారు. మందు కాసిన్ని రూపాయల బ్యాటరీ. టవర్‌లో రెండు నిమిషాల పని. చాలా ఆల్ ఇన్ వన్‌లలో దాన్ని అందుకోవడానికి సగం ఇల్లు కూల్చాలి.

వీటిలో ఏ జబ్బూ లేకపోయినా కంప్యూటర్‌కు నూకలు చెల్లే రోజు వస్తుంది. ఆ ముహూర్తం తయారీదారు క్యాలెండర్‌లో ఉంటుంది. 2015 అక్టోబరులో వచ్చిన 5కే ఐమ్యాక్ కథ చూస్తే చాలు. మ్యాక్‌ఓఎస్ మాంటెరే దాకా దానికి ప్రతి కొత్త సిస్టమూ అందింది. 2022లో వెంచురా వచ్చినప్పుడు 2017లోనూ ఆ తర్వాతా వచ్చిన ఐమ్యాక్‌లకే చోటు దొరికింది. మాంటెరేకు భద్రతా సవరణలు 2024 జులై వరకు వచ్చి ఆగాయి. దాదాపు తొమ్మిదేళ్లు, బల్ల మీద వస్తువుకు తక్కువ ఆయుష్షేమీ కాదు. విడిభాగాల విషయంలో ఆపిల్ లెక్క ఇంకోటి: అమ్మకాలు ఆపి ఐదేళ్లు దాటితే ‘వింటేజ్’, ఏడేళ్లు దాటితే ‘అబ్సలీట్’. రెండో ముద్ర పడ్డాక అధీకృత సర్వీస్ సెంటర్ చేతులు కట్టుకుంటుంది. విండోస్ వైపు 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిదైనా కావాలి. 2016లో ముచ్చటపడి కొన్న ఆల్ ఇన్ వన్, ఎస్‌ఎస్‌డీ వేసుకుని చలాకీగా ఉన్నా, ఆ గడప దగ్గరే ఆగిపోయింది. లైనక్స్ మింట్ వేసుకునేవాళ్లు మరికొన్నేళ్లు లాగుతారు.

సవరణలు రాకపోతే ఏమైందన్న సందేహానికి తెలుగువాళ్లకు సొంత ఉదాహరణే ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం, లోపల కంటికి కనిపించని ఒక గుర్తును చేర్చుకున్న రూపంలో, ఐఫోన్లనూ మ్యాక్‌లనూ తికమకపెట్టింది. ఆ అక్షరమున్న మెసేజ్ వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. కొంటె కుర్రాళ్లకు అది ఆటైంది. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. జ్ఞానంలో మొదటి అక్షరమే యంత్రం మతి పోగొట్టిన ఆ ఉదంతం నవ్వుతో ముగిసిందంటే, యంత్రాలకు అప్పటికి అప్‌డేట్లు అందుతుండటమే కారణం. అవి ఆగిపోయిన యంత్రంలో నెట్ బ్యాంకింగ్ చేయడమంటే గొళ్లెం లేని తలుపు వెనక నగలు లెక్కపెట్టుకోవడమే.

అయినా పాతదాన్ని వదలకపోవడానికి గట్టి కారణాలున్నవాళ్లు ఉన్నారు. తెలుగునాట డీటీపీ సెంటర్లే సాక్ష్యం. అడోబీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు ఏళ్ల తరబడి అందులోనే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చారు. ఆ ఫైళ్లు కొత్త యంత్రంలో తెరిస్తే తెలుగు బదులు గజిబిజి గుర్తులు రాలుతాయి. అలాంటి చోట పాత కంప్యూటర్‌ను బీరువా కింద లెక్కవేయాలి. ఇంటర్నెట్ తీగ పీకేసి, ఫైళ్ల నకలు ఇంకో డిస్క్‌లో దాచి, దాని పని దానికి వదిలేయడమే తెలివి. మ్యాక్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాములు వాడేవాళ్లదీ అదే పరిస్థితి. 2019లో మ్యాక్‌ఓఎస్ కటలీనా వాటిని నడపడం మానేసింది.

ఇక మార్చడానికే సిద్ధపడినవాళ్లకు 2022 మార్చిలో ఆపిల్ వింత చూపించింది. 27 అంగుళాల ఐమ్యాక్‌ను ఆపేసి, అదే సైజు 5కే తెరను స్టూడియో డిస్‌ప్లే పేరుతో విడిగా అమ్మడం మొదలుపెట్టింది. ఉమ్మడి కుటుంబం గొప్పతనాన్ని పాతికేళ్లపాటు చాటిన పెద్దమనిషే వేరింటి పునాది తీసినట్టయింది. భారతదేశంలో విడుదలైనప్పుడు ఆ తెర ధర 1,59,900 రూపాయలు. 2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ, అంటే అసలు కంప్యూటర్, అప్పుడు 59,900 నుంచి మొదలైంది. రెండూ కలిపితే 2,19,800. ఉమ్మడిగానే కావాలంటే 24 అంగుళాల ఎం4 ఐమ్యాక్ 2024లో 1,34,900 నుంచి మొదలైంది. కానీ తెర చిన్నది, ర్యామ్ చిప్‌తోనే వస్తుంది, తర్వాత పెంచుకునే కిటికీ లేదు. పాతకాలంలో ‘ముందు కొందాం, ర్యామ్ తర్వాత వేయిద్దాం’ అన్న ఉపాయం ఇప్పుడు పారదు. పదేళ్ల అవసరాన్ని మొదటి రోజే ఊహించి డబ్బు కట్టాలి.

ఆ 1,59,900 అంకె చూశాక చాలామంది చూపు మళ్లీ పాత ఐమ్యాక్ మీదికే తిరుగుతుంది. 2009 నుంచి 2014 మధ్యకాలం వరకు వచ్చిన చాలా ఐమ్యాక్‌లను తీగ తగిలించి వట్టి మానిటర్‌గా వాడుకునే సౌకర్యం ఉండేది. 5కే తెరకు కావలసినంత బొమ్మను అప్పటి తీగ ఒక్కటే మోయలేకపోయింది, దాంతో ఆ సౌకర్యం పోయింది. విండోస్ ఆల్ ఇన్ వన్‌లలో కొన్నింటికి వీపున హెచ్‌డీఎంఐ ఇన్ అనే రంధ్రం ఉంటుంది. కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ రంధ్రం పదేళ్లకు లంకెబిందె అవుతుంది. అది లేని 5కే ఐమ్యాక్‌లకు, వాటి తెరను వట్టి మానిటర్‌గా నడిపే డ్రైవర్ బోర్డులు చైనా నుంచి వస్తున్నాయి. అనుభవమున్న మెకానిక్ జిగురు కోసి తెర లేపి, కరెంటు తీశాక కూడా షాక్ కొట్టగల పవర్ సప్లైని జాగ్రత్తగా తప్పించి, లోపలి మదర్‌బోర్డునూ డిస్క్‌నూ తీసేసి, ఆ బోర్డు బిగిస్తాడు. కాలూ వీపూ తెరా మిగులుతాయి. పక్కన అరచేతి వెడల్పున మ్యాక్ మినీ చేరుతుంది.

అలాంటి బల్ల ముందు కూర్చుని చూస్తే ఏమీ మారినట్టుండదు. అదే తెర, అదే నల్లటి అంచు, కింద అదే గడ్డం. పంపకాలు జరిగిన సంగతి తెలిసేది ఆ గది ఊడ్చేవాళ్లకే: ఒకప్పుడు ఒక్క తీగ ఉన్నచోట ఇప్పుడు చీపురుకు మూడు అడ్డం వస్తున్నాయి.