కోనసీమ దారిలో విద్యార్థి గోష్ఠి

ధవళేశ్వరపు ఆనకట్ట దాటి బొబ్బర్లంక చేరినంతనే, గోదావరి రెండుగా చీలి గౌతమి యొకవైపునకును వసిష్ఠ మఱియొకవైపునకును సాగిపోవగా, ఆ పాయల నడుమ సముద్రము వఱకు పఱచుకొన్న నేలయే కోనసీమ యని భూగోళ పాఠమునందు చదివిన మాట కన్నులయెదుట సాకారమై నిలుచును. భోగికి ముందునాడు రాజమహేంద్రవరమున నేనెక్కిన బస్సు, పండుగ సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థులతో క్రిక్కిఱిసి యుండెను. విజయవాడనుండియు, విశాఖపట్టణమునుండియు, హైదరాబాదు వసతిగృహములనుండియు వచ్చుచున్న ఆ యువతీయువకులు పరస్పరము ఎఱుగనివారే యయ్యును, కాలువగట్టు కనబడిన పిమ్మట ఏ యూరివారని యడిగికొని, ఆ యూరనున్న చుట్టముల పేళ్లు తడవి, అర గడియలో ఒకే యింటి బిడ్డలవలె మాటలలో పడిరి.

ఆత్రేయపురము సమీపించుచుండగా మాట పూతరేకులపైకి మరలెను. "అందరూ తినేవోళ్లేనండి, రేకు తియ్యడం ఎవరికైనా వచ్చా?" అని ఆ యూరి పిల్ల యొకతె యడిగి, సమాధానమునకై నిరీక్షింపక తానే వివరింప నారంభించెను. జయ బియ్యమును నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలుచని పిండి జేసికొని, రేకులకై ప్రత్యేకముగా చేయించిన కుండను పొయ్యిమీద బోర్లించి, ఎండు కొబ్బరాకుల మంటతో దాని వీపు కాగిన పిదప, గుడ్డను పిండిలో ముంచి కుండపై నొక్కమారు పఱచి లాగినచో, తడి యాఱుటయు రేకు విడుటయు నించుమించు నొకే క్షణమున జరుగును. మంట హెచ్చినచో మాడును, తగ్గినచో అంటుకొనును. ఆ రేకును తడిగుడ్డతో మెత్తబఱచి, నేయి రాసి, పంచదారపొడియో బెల్లపుపొడియో చల్లి మడతపెట్టుట తరువాతి పని. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ గౌరవము ముఖ్యముగా, ఉదయమునుండి పొగలో కూర్చుండి మంటను కనిపెట్టి చూచు గృహిణులకు చెందవలసినదని నా నిశ్చితాభిప్రాయము. ఆ పిల్ల తన యూర దిగిపోవుచు, ఒక పొట్లము విప్పి చేతికందినవారి కందఱకును పంచి పోయెను.

రావులపాలెము దాటి కొత్తపేట వైపు తిరిగిన పిమ్మట, అంతవఱకు మౌనముగా రేకు తినుచుండిన నర్సింగు విద్యార్థిని యొకతె, "మొన్న పరీక్షలో నేను పూతరేకులు చెప్పుకోవాల్సిందండి, తేలికయ్యేది," అనెను. ఏ పరీక్ష యని యందఱు నడుగగా, జర్మను భాషా పరీక్ష యని తెలిసినది. జర్మనీలో నర్సుగా పనిచేయ గోరువారికి సాధారణముగా బి-2 స్థాయి కావలెను. ఆమె దానికి మునుపటిదైన బి-1 మెట్టు ఎక్కుచున్నది. ఆ పరీక్ష మౌఖిక భాగమున ఒక విషయమునుగూర్చి ప్రసంగింపవలసి యుండగా, వ్యాఘ్రేశ్వరమునందు పుట్టిన యామె సహజముగనే జగ్గన్నతోట ప్రభలతీర్థమును ఎంచుకొన్నదట.

"ముందు ఏకాదశ రుద్రుల కథ చెప్పబోయానండి. రెండు ముక్కలకే మాటలైపోయాయి. ఇంక లాభం లేదని, చిన్నప్పట్నుంచీ చూసింది చెప్పేశానండి, ఆయ్."

ఆమె చూచినదేమి? కనుమనాడు పదునొకండు గ్రామముల శివులు ప్రభలపై వెడలి మొసలపల్లి పొలిమేరనున్న కొబ్బరితోటకు వచ్చుట. వెదుళ్లతో కట్టి రంగుల వస్త్రములతో అలంకరించిన ఆ మహోన్నతమైన ప్రభలను జనులు భుజములపై మోయుట. దారికి పొలము అడ్డమైనచో పచ్చని చేలోనుండియే నడచుట. గంగలకుఱ్ఱు ప్రభలు కౌశిక కాలువలో దిగి, మోయువారు కుత్తుకబంటి నీటిలో "శరభా, అశ్శరభా" యని ఎలుగెత్తుచు ఆవలి గట్టు నెక్కుట. వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోటలో ప్రవేశించునప్పుడు తక్కిన ప్రభల నెల్ల గౌరవార్థము ఒక్కమారు పైకెత్తుట. ఆ కాలువ దాటు ఘట్టమును చెప్పునప్పుడు తనకు వ్యాకరణభయము తొలగిపోయినదని యామె చెప్పెను. నేనది పూర్ణముగా విశ్వసించితిని. చూచినదానిని చెప్పవలెనను తహతహ గలవానికి పరభాష వచ్చినంత శీఘ్రముగా, పట్టికలు వల్లెవేయువానికి రాదు. పలివెల, ముక్కామల దాటిన వెనుక గాని, ఆమె దిగిపోయినదని నేను గమనింపలేదు. అంతగా ఆ ప్రభల యూహలో నుంటిని.

అమలాపురములోని అమ్మమ్మగారింటికి పోవుచుండిన యెదుర్లంక కుఱ్ఱవాడు, గౌతమిపై వంతెన దాటినచో యానాము కావున, తాను ఫ్రెంచి నేర్చుకొనుచున్నాననెను. ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన ఆ పట్టణము 1954 నవంబరు 1న భారతదేశమున కలిసినది. దాని కధికారికమైన ఒడంబడిక 1962లో అమలునకు వచ్చినది. బాల్యమున ఫ్రెంచి బడిలో చదివిన వృద్ధుడొకరు అచ్చట వీనికి గురువు. "ఫీజు పుచ్చుకోరండి. వెళ్లినప్పుడల్లా కాకినాడ కోటయ్య కాజాలు మాత్రం పట్టుకెళ్లాలి. కాజాలో పాకం కారిపోకుండా తినడమెలాగో కూడా ఆయన ఫ్రెంచిలోనే చెబుతారండి!" అనగానే బస్సంతయు నవ్వెను. యానామున ఫ్రెంచివారు, బెండమూర్లంకలో ఆంగ్ల వర్తకులు, వసిష్ఠ కావల పాలకొల్లున డచ్చివారు బిడారులు వేసిన నాటినుండియు ఈ నదీముఖములు పరభాషలను వినుచునే యున్నవి.

అమలాపురమున బస్సు మారి, బోడసకుఱ్ఱు వంతెనమీదుగా వైనతేయ పాయను దాటి రాజోలునకు ప్రయాణమైతిని. ఈ ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయిన వారు వేలకు వేలు గలరు. అందు స్త్రీలలో పెక్కుమంది కువైట్‌లో ఇంటిపనులకు కుదిరినవారే. నా ముందు సీటులో అట్లు పోయి యేండ్లకొలది యచ్చట నుండి తిరిగి వచ్చిన నడివయస్సు స్త్రీయు, దోహాలో హోటలు ఉద్యోగమునకు యత్నించుచున్న డిగ్రీ విద్యార్థినియు కూర్చుండిరి.

"పిన్నిగారండి, అరబ్బీ మీకెవరు నేర్పారండి?"

"ఎవరు నేర్పుతారమ్మా? తిట్లు విని నేర్చుకున్నాను. మొదటి యేడు నాకు జొరమొస్తే చెప్పుకోడానికి మాట రాలేదు."

ఆ మాట నన్ను కలచివేసినది. ఇన్ని కుటుంబములను పోషించుచున్న భాష అమలాపురము, రాజోలు కళాశాలలలో సాయంకాలపు తరగతిగా నైనను నేర్పబడవలెను. జర్మను నేర్చు నర్సునకు గల భద్రత ఇంటిపనికి పోవు తల్లికి మాత్రము ఏల ఉండరాదు? ప్రయాణపు ఖర్చులకై ఇల్లు తాకట్టు పెట్టువారికి ఈ మాత్రము విద్య సమకూర్చుట సంఘమునకు భారము కాదు.

తాటిపాక దాటునప్పటికి, ముందుగా ఏమి నేర్చుకోవలెనని యా పిల్ల అడుగగా, పెద్దామె తడబాటు లేక మూడు వాక్యములు చెప్పెను: ఒంట్లో బాగోలేదు, నా జీతమెప్పుడిస్తారు, నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంచుకుంటాను. పిల్ల వానిని అరబ్బీలో చెప్పించుకొని, నోటుపుస్తకమున తెలుగు లిపిలో వ్రాసికొని చదివెను. "అలా కాదమ్మాయ్, ఆ అక్షరం గొంతు అడుగునుంచి రావాలి, మళ్లీ అను," అని పెద్దామె దిద్దెను. పిల్ల మరల ననెను.