పాఠానికి వ్యాఖ్యాతలు

కావ్యానికి వ్యాఖ్యానం ఎంత అవసరమో తెలుగు పాఠం చెప్పినవారికి తెలుసు. ఆ వ్యాఖ్యానాన్ని నాకు గ్రంథాలు కొంత అందిస్తే, తక్కినది చలనచిత్రాలు అందించాయి. అందుకే 2023ను తలచుకుంటే, నా బల్లమీది వ్యాఖ్యానగ్రంథాలను ఎవరో వరుసగా తీసుకుపోయినట్లనిపిస్తుంది.

జనవరి 27న జమున వెళ్ళిపోయారు. నంది తిమ్మన పారిజాతాపహరణం బోధించేటప్పుడు, సత్యభామ అలకలో కోపమెంత, అనురాగమెంత అన్న విషయం లక్షణగ్రంథాల నాయికాభేదాలతో పిల్లలకు బోధపడేది కాదు. 'శ్రీకృష్ణ తులాభారం' (1966)లోని జమునను గుర్తుచేసుకోమనేవాణ్ణి. తరగతి అంతా నవ్వులు, పద్యం అర్థమైపోయేది. ఉద్యోగవిరమణకు ముందటి సంవత్సరాలలో అదే మాట అంటే, "జమున ఎవరండీ?" అన్నారు. ఆమె మరణవార్త కన్నా ముందే ఆ ప్రశ్న నన్ను బాధించింది.

ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్. 1980లో 'శంకరాభరణం' విడుదలైన తేదీ కూడా అదే. అప్పుడు నేను భాషాప్రవీణ విద్యార్థిని. తెలుగు చదివి ఏం చేస్తావని అడిగే బంధువుల ముందు ఆ ఏడాది కాస్త తలెత్తుకు తిరిగాను. ఆ చిత్రంలోని గానానికి జాతీయ పురస్కారం అందుకున్న వాణీ జయరాం రెండు రోజులకే, 4వ తేదీన, కన్నుమూశారు. మాతృభాష తమిళమైనా ఆమె పలికిన తెలుగును పిల్లలకు ఆదర్శంగా చూపేవాణ్ణి.

మే 22న శరత్ బాబు. 'సాగరసంగమం' (1983)లో ఆయన కథానాయకుని మిత్రుడు. ఎదుటివాని బాధను వినడం కూడా అభినయమేనని, సాత్త్వికాభినయాన్ని వివరించడానికి ఆ పాత్రనే ఉదాహరించేవాణ్ణి. నవంబరు 11న చంద్రమోహన్. 'సిరిసిరిమువ్వ' (1976)లో మూగ నర్తకికి అండగా నిలిచిన సామాన్యుడు. ధీరోదాత్తుడు కాకపోయినా నాయకుడు కావచ్చునని నిరూపించినవాడు.

వర్ధంతినాడు పటానికి దండ వేసినంత మాత్రాన ఈ ఋణం తీరదు. చదివేవారు లేని తాళపత్రం చెదలపాలవుతుంది. మీ ఇంట పిల్లలుంటే, పక్కన కూర్చోబెట్టుకుని వీరి చిత్రం ఒక్కటైనా చూపించండి. మొన్న వేసవిలో మా మనవరాలికి 'శ్రీకృష్ణ తులాభారం' చూపించాను. సగం చిత్రం దాకా ఫోను వదలలేదు. తరువాత తలెత్తి, "తాతయ్యా, ఆవిడెవరు?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను.