హార్మొనీ దారిలో కోళ్ల గూడు

సెయింట్ పాల్ దాటి 52వ నంబరు హైవే మీద దక్షిణానికి తిరిగేసరికి పొలాల్లో మొక్కజొన్న కోతలు సాగుతున్నాయి. అక్టోబరు నెల. ఇంకొన్నాళ్లు పోతే మిన్నెసోటా నేల గడ్డకట్టి, గడ్డపార కూడా దిగదు. వసంతంలో తెచ్చుకున్న ఆరు వయాండాట్ జాతి కోడిపెట్టలకు ఆలోపే గూడు కుదరాలి. ఈ రాష్ట్రంలోనే ఉత్తరాన టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. మా వైపు అంత లేకున్నా మైనస్ 25 దాకా దిగడం కొత్తేమీ కాదు.

పక్క సీట్లో అమ్మ. తెనాలి దగ్గర పల్లెలో జీవితమంతా కోళ్లు పెంచిన మనిషి.

రోచెస్టర్‌లో ఒక రైతు సరుకుల దుకాణం దగ్గర ఆగాం. నాలుగు వందల డాలర్ల గూడు ఒకటి ముచ్చటగా ఉంది, అట్టపెట్టె మీద ‘ఆరు కోళ్లకు’ అని రాశారు. టేపు పెట్టి కొలిస్తే లోపల నేల పన్నెండు చదరపు అడుగులు. కోడికి నాలుగైనా ఉండాలి. మంచు పడి రోజుల తరబడి బయటికి రాని కాలంలో ఆ లెక్క తప్పితే అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పలకలు పలచన, సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది. వదిలేశాం.

చాట్‌ఫీల్డ్, ఫౌంటెన్ దాటాక భూమి రూపే మారింది. చివరి మంచుయుగపు హిమానీనదాలు ఈ మూలను తాకలేదు. అందుకే చదును పొలాలు పోయి కొండలు, లోయలు, సున్నపురాయి కుంగి ఏర్పడ్డ గుంతలు. ప్రెస్టన్ తర్వాత రోడ్డు పక్కన నల్ల గుర్రపు బగ్గీలు ఎదురయ్యాయి. 1974 నుంచి హార్మొనీ ఊరి చుట్టుపక్కల అమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు స్థిరపడ్డాయి. ఫొటోలు తీస్తే వాళ్లకు నచ్చదు, కెమెరా సంచిలోనే ఉంచాను. గూళ్లు ఎవరు అమ్ముతారో ఫోను చేసి కనుక్కునే వీల్లేదు. చేత్తో రాసిన బోర్డులు చూసుకుంటూ వెళ్లడమే. ఆదివారం అమ్మకాలు లేవని ప్రతి బోర్డు మీదా ఉంది.

ఒక వడ్రంగి కొట్టం ముందు మూడు గూళ్లు కనబడ్డాయి. రంగులేసి, కిటికీలకు తలుపులు పెట్టిన పెద్దది రెండు వేలు. దాని వెనక రంగులేని నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్నది. అమ్మ వంగి లోపలికి తొంగిచూసి, “ఒరే, రాత్రంతా రెట్ట వాసన ఎటు పోద్దో అడుగు,” అంది.

అడిగాను. గడ్డం నెరిసిన వడ్రంగి చూరు కింద రెండు వైపులా ఉన్న జాలీ సందులు చూపించాడు. చలికాలంలోనూ వాటిని మూయొద్దన్నాడు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, ఈకలు పొంగించుకుని చలిని ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది చెమ్మను. ఊపిరిలోంచీ రెట్టలోంచీ లేచే ఆవిరి బయటికి పోకపోతే కప్పుకు పట్టి తిరిగి మీద పడుతుంది, తడిసిన తురాయి చలికి నల్లబడి చచ్చుబడుతుంది. గాలి తల పైనుంచి పోవాలి, ఒంటికి తగలకూడదు. అందుకే కింద ఎక్కడా సందు లేదు.

“గంప కింద కోడికీ గాలాడేది,” అంది అమ్మ, తృప్తిగా.

కోళ్లెక్కి పడుకునే కర్రను వెడల్పు వైపు పైకి వచ్చేలా బిగించారు. వేళ్ల మీదికి పొట్ట ఈకలు దిగి కప్పేస్తాయి. సన్నటి గుండ్రటి కొమ్మ మీద వేళ్లు బయటే ఉండిపోతాయి. వేడి దీపం గురించి అడిగితే గట్టిగా తలూపాడు, వద్దని. ఎండిన పొట్టు మీద పడిందంటే గూడే కాలిపోతుంది. ఆ డబ్బు మందమైన చెక్కకు పెట్టడమే మేలని నాకూ అనిపిస్తుంది.

రంగులేనిదానికి తొమ్మిది వందలు చెప్పాడు. బేరం ఆడబోతుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అమిష్‌వాళ్లు మోటారు బండ్లు నడపరు గనక, కిరాయి లారీలో గురువారం పంపిస్తానన్నాడు.

తిరుగుదారిలో అర అంగుళం కన్నాల ఇనుప జాలీ చుట్ట కొన్నాం. మామూలు కోళ్ల వల కోడిని ఆపుతుందే గాని కోళ్లను పట్టే రకూన్‌ను ఆపదు. పైన్ చెక్క పొట్టు నాలుగు బస్తాలు, నీళ్లు గడ్డకట్టకుండా గిన్నె కింద పెట్టే హీటరు కూడా తీసుకున్నాం. మా గూటికి కరెంటు ఆ ఒక్క గిన్నె కోసమే.