పొట్ట మీద చేను, సిరిమాను మీద అమ్మ

విజయదశమి వెళ్లాక వచ్చే మొదటి సోమవారం పొద్దున్నే విజయనగరం జంక్షన్‌లో దిగే జనాన్ని ఎందుకొచ్చారని అడగక్కర్లేదు. రాయపూర్ నుంచి వచ్చే రైలు మార్గం హౌరా-చెన్నై మార్గంలో కలిసేది ఇక్కడే. పార్వతీపురం, బొబ్బిలి, గజపతినగరం వాళ్లు ఒక వైపు నుంచి దిగుతారు. పలాస, ఆమదాలవలస, చీపురుపల్లి వాళ్లు మరో వైపు నుంచి దిగుతారు. రాయగడ దాటి ఒడిశా లోపలి ఊళ్ల నుంచి ఇంకొందరు. ఒక సంచిలో చీర, రవికెల గుడ్డ, పసుపు, కుంకుమ. మరో సంచిలో అరటిపళ్లు. చాలామంది ముందుగా స్టేషనుకు దగ్గర్లోనే ఉన్న వనంగుడికి వెళ్లి దండం పెట్టుకుంటారు. ఆ తర్వాతే చుట్టాలిల్లు.

ఇది పైడితల్లమ్మ పండగ. బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల నుంచి బయల్దేరే ఏ రైతు కుటుంబం వెంట నడిచినా ఆ రెండు రోజులూ ఇంచుమించు ఒకేలా గడుస్తాయి. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురయ్యే మాట కూడా అదే.

"ఏటి ఒదినా, మీరే వొచ్చినారు, అన్నయ్య ఏడీ?"

"చేను పొట్ట మీదుంది కదమ్మా. నీరు కట్టుకుని రేపు మద్దేనానికి వొస్తానన్నాడు."

ఆ జవాబులో ఈ పండగ కాలం మొత్తం ఉంది. జూన్, జూలైల్లో నారు పోసి, ఆ తర్వాత ఉభాలు ముగించిన వరి అక్టోబరుకి పొట్ట పోసుకుంటుంది, లేదా అప్పుడే ఈనుతుంటుంది. శ్రీకాకుళం దగ్గరి రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఆర్‌జీఎల్ 2537 రకాన్ని రైతులు 'శ్రీకాకుళం సన్నాలు' అంటారు. అలాంటి దీర్ఘకాలిక రకాలకు సరిగ్గా ఈ రోజుల్లోనే మడిలో నీరుండాలి. గోగు కోసిన వాళ్లు కట్టలను చెరువుల్లో, గెడ్డల్లో ఊరవేసి ఉంటారు. ఆ నార నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జనపనార మిల్లులను దశాబ్దాల పాటు నడిపించింది. చోళ్లు కొందరికి ఇంటికి చేరి ఉంటాయి. అసలు పంట మాత్రం ఇంకా చేలోనే ఉంది. కోతకు ముందు, పంట చేతికొస్తుందో రాదో తేలని రోజుల్లో వచ్చే పండగ ఇది.

ఊరి చరిత్ర చెప్పేవాళ్లు మాత్రం రాజుల దగ్గర మొదలుపెడతారు. విజయనగరం కోటకు 1713లో పునాది వేశారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమని పిలిచే మంగళవారం, విజయరామరాజు పేరు, విజయనగరమన్న ఊరి పేరు కలిసి అయిదు విజయాలని ఇప్పటికీ పిల్లలకు చెబుతారు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేనతో కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిన పెద విజయరామరాజును, యుద్ధం ముగిశాక ఆయన డేరాలోనే తాండ్ర పాపారాయుడు చంపాడు. రాజు చెల్లెలు పైడిమాంబ. అన్నకు రాబోయే ఆపద తెలిసి హెచ్చరించాలని బయల్దేరిందని, దారిలోనే కబురు విని కుప్పకూలిందని, తన ప్రతిమ పెద్దచెరువులో దొరుకుతుందని చెప్పి కన్నుమూసిందని కథ. పతివాడ అప్పలస్వామినాయుడు చెరువులోంచి ఆ ప్రతిమను పైకి తీశాడంటారు. ఆ తర్వాత వనంగుడి, ఊరి నడుమ మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి వెలిశాయి.

అన్న ప్రాణం తీసింది బొబ్బిలి వీరుడు. ఆ చెల్లెలికి ఘటం ఎత్తుకుని రైలెక్కి వచ్చేవాళ్లలో ఈ రోజు బొబ్బిలి వైపు వాళ్లూ ఉంటారు. పైడిరాజు, పైడినాయుడు, పైడితల్లి, పైడమ్మ అన్న పేర్లు రెండు వైపులా వినిపిస్తాయి. రాజుల పగ కథలోనే మిగిలింది. జనం అమ్మవారితో కట్టుకున్న బంధం మాత్రం వానతో, గింజతో, చెరువుతో కట్టుకున్నది.

అది కళ్లకు కట్టేది సోమవారం రాత్రి, తొలేళ్ల నాడు. చదురుగుడి నుంచి ఘటాలు డప్పుల మోతతో కోటకు వెళ్లి, అక్కడ పూజలందుకుని తిరిగొస్తాయి. రాత్రి ముదిరాక గుడి ముందు చేరిన జనంలో పట్నం వాళ్ల కంటే పంచె మోకాలి పైకి కట్టిన వాళ్లే ఎక్కువ. పూజారి నోట అమ్మవారి మాటగా ఆ ఏటి వానలెలా ఉంటాయో, పంటలెలా పండుతాయో వింటారు. ఆపైన గింజల పంపకం. అమ్మ దగ్గర పెట్టిన ధాన్యపు గింజలను పూజారి రైతులకు పంచుతాడు. గుప్పెడు కూడా దక్కకపోవచ్చు, నాలుగు గింజలు దొరికినా చాలు. తువ్వాలు కొంగున ముడేసుకుని ఇంటికి తీసుకెళ్లి పొలంలో చల్లితే ఆ మడి తప్పక పండుతుందని నమ్మకం. చిన్న పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని తొక్కిసలాటలోంచి చేయి చాపే తాతలు ఆ రాత్రి చాలామందే కనిపిస్తారు. వాళ్ల కొడుకులు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉండొచ్చు, చేను కౌలుకి ఇచ్చి ఉండొచ్చు. గింజలు మాత్రం తాతే అందుకోవాలి.

మంగళవారం తెల్లవారే సరికి ఇంట్లో ఆడవాళ్ల తలస్నానాలు అయిపోతాయి. పసుపు నీళ్లలో వేపాకులు వేసిన ముర్రాటలు, దీపం పెట్టిన ఘటాలు తలకెత్తుకుని చదురుగుడి వరసలో నిలబడతారు. కొత్త కోడలికి తలమీద ఘటం నిలవదు. వెనక నడిచే అత్త ఒక చేయి వేసి ఉంచుతుంది. వరస గంటల తరబడి కదలదు. ఆ లోగా మగపిల్లలు గంటస్తంభం దాకా వెళ్లి జీళ్లు, ఖాజాలు, పీకలు కొనుక్కుని తిరిగొచ్చి, అమ్మమ్మ ఎక్కడ నిలబడిందో వెతుక్కుంటారు. వీధుల్లో పులివేషాలు, కర్రసాము, కోలాటం. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్ల బృందం ఆగిన చోటల్లా బండ్లు ఆగిపోతాయి. పశువుల కాపరుల చేతుల్లో పెరిగిన ఆట అది. ఉత్తరాంధ్ర పల్లెల్లో వాన పడకపోతే తప్పెటగుళ్లు ఆడించడం ఆనవాయితీ.

సిరిమాను కూడా పొలం నుంచే వస్తుంది. పండగకు కొన్ని వారాల ముందు అమ్మవారు పూజారి కలలో కనిపించి, ఫలానా దిక్కున ఫలానా చింతచెట్టు తనకు కావాలని చెబుతుందని నమ్మకం. వెతుక్కుంటూ వెళ్లిన వాళ్లకు ఆ చెట్టు ఏదో రైతు కల్లాం గట్టునో, పెరట్లోనో ఎదురవుతుంది. చింతచెట్టంటే ఆ ఇంటికి ఏటా కొంత రాబడి. అయినా ఆ ఇంటివాళ్లు బొట్టు పెట్టి, పసుపు రాసి, భాగ్యమనుకుని ఇచ్చేస్తారు. సిరిమానుతో పాటు ఇరుసుమాను కోసం మరో చింతమాను. రెంటినీ హుకుంపేటకు ఊరేగింపుగా తెచ్చి చెక్కుతారు. సిరిమాను పొడవు సుమారు 60 అడుగులు. మొదలు బండి మీద ఇరుసుకు బిగిస్తే కొస ఆకాశంలోకి లేస్తుంది. ఆ కొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. ఆ పూటకు ఆయనే అమ్మవారు.

మధ్యాహ్నం రెండు దాటేసరికి మూడు లాంతర్ల నుంచి కోట దాకా మేడలన్నీ నిండిపోతాయి. తెలిసినవాళ్ల మేడ దొరికిన కుటుంబం అదృష్టవంతుల కింద లెక్క. ఎండకు గొడుగు పట్టుకున్న ముసలమ్మలకు ముందు వరస, పిల్లలకు పిట్టగోడ. సిరిమానుకు ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వరసగా కదులుతాయి. ప్రతిమను నీళ్లలోంచి తీసినప్పుడు సాయపడ్డ బెస్తలకు ఊరు ఇచ్చిన చోటు ఆ వల. అప్పుడు కిందినుంచి కేక లేస్తుంది. చదురుగుడి దగ్గర సిరిమాను కదిలిందన్నమాట. చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. విజయనగరం రాజుల వారసులైన పూసపాటి వంశీకులు కోట బురుజు మీద నుంచి చూస్తారు. మిగతా ఊరంతా అరటిపళ్లు విసురుతుంది. గురి తప్పిన పండు ఎవరి నెత్తిన పడినా కోపం రాదు, కళ్లకద్దుకుని తినేస్తారు. మధ్యాహ్నానికి వస్తానన్న అన్నయ్య సరిగ్గా మూడో తిరుగుడుకి చెమటలు కక్కుతూ మేడెక్కుతాడు. మోకాళ్ల దాకా మడి బురద ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ కోట దగ్గరే విజయనగరానికి విద్యల నగరమన్న పేరు తెచ్చిన చోట్లూ ఉన్నాయి. 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు ఆ తర్వాత ఆ పీఠంలో కూర్చున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాట నేర్చుకుంటూ ఘంటసాల మధుకరం ఎత్తుకున్నది ఈ వీధుల్లోనే. గురజాడ ఇల్లు కూడా దగ్గర్లోనే ఉంది. సిరిమాను చూసొచ్చే జనంలో కాలేజీ పిల్లలు కొందరు అక్కడ ఆగి ఫోటో దిగి వెళతారు.

సాయంత్రం భోజనాల దగ్గర మాట మళ్లీ చేను మీదికే వస్తుంది. ఉత్తరాంధ్ర రైతుకు అక్టోబరు అంటే వాయుగుండాల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం జిల్లానూ అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను వేళ్లతో సహా పెకలించింది. కొత్తగా వేసిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఈనే దశలో గాలివాన కొడితే వరి పూత రాలి గింజ తాలుపోతుంది. అందుకే పలాస వైపు నుంచి వచ్చిన చుట్టం ఫోన్‌లో వాతావరణ కేంద్రం హెచ్చరికలు చూపిస్తుంటే, తొలేళ్ల రాత్రి పూజారి చెప్పిన మాటను పెద్దాయన పక్కనుంచి గుర్తు చేస్తుంటాడు. ఇద్దరి మాటా ఆ ఇంట్లో చెల్లుతుంది.

అమ్మవారి రాకపోకలు కూడా సేద్యం లెక్కనే నడుస్తాయి. తొలకరికి ముందు, మే నెలలో దేవరోత్సవంతో ఆమె వనంగుడి నుంచి చదురుగుడికి వస్తుంది. సిరిమాను తర్వాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. ఆపైన ఉయ్యాల కంబాలతో సంబరాలు ముగిశాక తిరిగి వనంగుడికి వెళుతుంది. ఆ తర్వాతి నెలల్లోనే కోతలు, కుప్పలు, నూర్పులు.

సంక్రాంతికి కొత్త బియ్యం వండి పెద్దలకు బట్టలు పెట్టుకుంటారు. కొండల మీద సవరలు, జాతాపులు కంది కొత్తలు చేస్తారు. దేవతకు పెట్టనిదే కొత్త కంది నోట పెట్టరు. జనవరిలోనే మక్కువ మండలం సంబరలో పోలమాంబ జాతర జరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఆ ఊరు పార్వతీపురం మన్యం కిందికి వెళ్లింది. అక్కడా తొలేళ్లు, సిరిమాను, ఆ మర్నాడు అనుపు ఉంటాయి. అప్పటికి ధాన్యం అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది కాబట్టి పెద్ద మొక్కులు తీర్చేది అక్కడే. బుధవారం పొద్దున్న బొబ్బిలి బండెక్కే ముందు ఒదిన గుమ్మంలో ఆగి, సంబరకు మాత్రం మీరే రావాలని, కోడిని ఇప్పట్నుంచే మేపుతున్నామని విజయనగరం వాళ్లకు మరీ మరీ చెబుతుంది.