పెట్టె ఎవరు సర్దారు?

మొత్తం 74 అని చెప్పింది ఆ అమ్మాయి. ఆమె ఇంగ్లిషు నాకు అర్థం కాలేదనుకుందో ఏమో, నా జేబులోని పెన్ను అడిగి తీసుకుని అరచేతి మీద అంకె రాసి చూపించింది. తూర్పు ఆఫ్రికా పిల్ల. పాతికేళ్లు దాటి ఉండవు. శంషాబాద్‌లో దిగిన రెండు గంటలకే అధికారులకు దొరికితే, మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని రాత్రి పదకొండింటికి మా ఆస్పత్రికి తెచ్చారు. ఎక్స్‌రే చూస్తే పొట్ట నిండా ఖర్జూరాలు పోసినట్టుంది.

ఇలా ఎక్స్‌రేకి వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్ నుంచి బంగారాన్ని పేస్టు చేసి మలద్వారంలో దాచుకుని దిగినవాళ్లు. బంగారం పగిలినా ప్రాణం పోదు కాబట్టి ఆ కేసుల్లో వార్డు బాయ్‌లు జోకులేసుకునేవారు. మాదకద్రవ్యం మింగి వచ్చినవాళ్ల దగ్గర ఎవరూ జోకులెయ్యరు. 1973లో కెనడా వైద్యులు మొదటిసారి ఇలాంటి కేసు గురించి రాశారు. హషీష్ పొట్లం మింగిన మనిషి పేగు మూసుకుపోయి వాళ్ల దగ్గరికి వచ్చాడు. ఆ రోజుల్లో అదొక వింత. 2022 ఏప్రిల్‌లో మన శంషాబాద్‌లోనే ఒక విదేశీయుడి పొట్టలోంచి 108 గొట్టాలు, 1,389 గ్రాముల హెరాయిన్ బయటికి వచ్చాయి. అన్నీ రావడానికి ఐదారు రోజులు పట్టింది.

గొట్టం అంటే బొటనవేలంత ఉంటుంది. మందును గట్టిగా కూరి, రబ్బరు తొడుగులు ఒకదాని మీద ఒకటి వేసి, టేపు చుడతారు. ప్రయాణంలో విరేచనం కాకుండా మాత్రలిచ్చి పంపిస్తారు. వాళ్లు విమానంలో భోజనం ముట్టుకోరు. మా దగ్గరికి వచ్చాక మేం చేసేది చాలావరకు కాచుకుని కూర్చోవడమే. కొలనోస్కోపీకి ముందు తాగించే ద్రావణం తాగిస్తాం. పారఫిన్ నూనె ఇవ్వకూడదు, రబ్బరు కరుగుతుంది. లోపలికి ఎండోస్కోపు వేసి లాగకూడదు, తొడుగు చిరుగుతుంది. చిరిగింది హెరాయిన్ అయితే నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది. కొకైన్‌కు విరుగుడే లేదు. లక్షణాలు కనిపించాయంటే నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే.

బయటికి వచ్చిన ప్రతిదాన్నీ ఆయమ్మ బెడ్‌పాన్‌లోంచి ఏరి, కడిగి, ట్రేలో పేర్చేది. మహిళా అధికారి లెక్కపెట్టేది, పంచనామా సాక్షులు సంతకం పెట్టేవారు. ఐదో రోజు సాయంత్రానికి 73 వచ్చి ఆగిపోయాయి. ఆ ఒక్కటీ ఎక్కడుంది? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. సీటీ తీయిస్తే పేగుల్లో ఏమీ లేదు. అధికారులేమో ఎక్కడో దాచేసిందని అనుమానం మొదలుపెట్టారు. ఏ రాత్రి, ఎలా, ఎన్ని చొప్పున మింగావో మొదటినుంచీ చెప్పమని ఆమెను కూర్చోబెట్టి అడిగాను. ముందు వారం రోజులు ద్రాక్షపళ్లు నమలకుండా మింగించి అలవాటు చేశారట. ఆ రాత్రి ఒకటి వాంతిలో వచ్చేస్తే కడిగి మళ్లీ మింగించారట. ఆ ఒక్కదాన్నీ రెండుసార్లు లెక్కేసుకుంది. అసలు ఉన్నవే 73. ఒప్పుకోవడంలో కూడా ఒకటి ఎక్కువే ఒప్పుకుంది పిచ్చిపిల్ల.

ఆ సంఖ్య చెప్పడం ఆమెకు ఎంత కష్టమో ఆలోచించండి. హెరాయిన్ 250 గ్రాములు దాటితే మన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో వాణిజ్య పరిమాణం. పదేళ్లకు తగ్గని జైలు, ఇరవై ఏళ్ల దాకా వెయ్యొచ్చు. అధికారులకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలుకు చెప్పిన మాటకు చట్టంలో రక్షణ ఉంది. డాక్టరుకు చెప్పిన మాటకు అదీ లేదు. తక్కువ చెప్తే లోపల మిగిలినది చిరిగి ప్రాణం పోవచ్చు. ఉన్నది చెప్తే కేస్‌షీట్‌లోకి ఎక్కుతుంది, ఆ కేస్‌షీటుతో నేను బోనెక్కుతాను. ఎన్ని మింగావని అడిగేటప్పుడు నేను ఆమెకు ఈ రెండో సంగతి చెప్పలేదు. చెప్పాల్సిందేనని ఇప్పుడనిపిస్తోంది.

ఒకటి మాత్రం కేస్‌షీట్‌లో రాయలేదు. ఆరో రోజు డిశ్చార్జి కాగితాలు రాస్తూ, ఊరికే, నాకోసమే అడిగాను. అందులో ఏముందో నీకు తెలుసా అని. కాసేపు ఊరుకుని, "అడగలేదు" అంది. ఎందుకు అడగలేదన్నాను. "అడిగితే మింగలేను కదా" అంది.

ఇలాంటి జవాబు నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను, వేరే సందర్భంలో. రొమ్ములో నిమ్మకాయంత గడ్డతో ఒకావిడ వస్తుంది. ఎప్పుడు చూసుకున్నావమ్మా అంటే "మొన్ననే సార్" అంటుంది. అది మొన్నటి గడ్డ కాదని నా వేళ్లకు తెలుస్తుంది. స్నానం చేసేటప్పుడు అటువైపు చెయ్యి పోకుండా ఏడాదిపాటు జాగ్రత్తపడిందని ఆవిడకీ తెలుసు. అబద్ధమాడుతోందా? లేదు. తెలుసా? తెలుసు. తెలియదా? తెలియదు కూడా. చదువుకున్నవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఒకరిద్దరు డాక్టర్లు కూడా ఇలాగే వచ్చారు నా దగ్గరికి. మనిషి మనసులో అలాంటి గది ఒకటుందని వైద్యుడికి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

చట్టానికి ఆ గది తెలియక కాదు, దాంతో పని లేదు. మన ఎన్‌డీపీఎస్ చట్టంలో 35వ సెక్షన్ ప్రకారం నిందితుడికి తెలుసుననే కోర్టు మొదట అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవడం అతని పని. ఆ రుజువు కూడా సందేహానికి తావులేనంత గట్టిగా ఉండాలి. సింగపూర్ చట్టమూ తెలుసుననే మొదట అనుకుంటుంది, అక్కడ హెరాయిన్ 15 గ్రాములు దాటితే ఉరి. మలేషియాకు చెందిన ఒక తమిళ యువకుడు 2009లో తొడకు కట్టుకున్న 42.72 గ్రాములతో అక్కడ దొరికాడు. ఐక్యూ 69 అని తేలింది. మానసిక వైద్యులు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కారు. అతనికి చేస్తున్న పనేమిటో తెలుసునని కోర్టు తేల్చింది. 2022 ఏప్రిల్‌లో ఉరితీశారు. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు కోర్టు మీదకన్నా ఆ ఐక్యూ అంకె మీద కోపం వచ్చింది. 69 అయితే తెలియనట్టు, 71 అయితే తెలిసినట్టునా? మనిషికి తెలుసా లేదా అన్నది మా లెక్కలతో తేల్చగలమని కోర్టుల్ని నమ్మించింది మేమే.

దోహా సంగతి పత్రికల్లో చూసే ఉంటారు. 2019లో ముంబై నుంచి ఒక జంట వెళ్లింది. టిక్కెట్లు మేనత్త కొనిపెట్టింది, వెళ్లేటప్పుడు జర్దా అని ఒక పొట్లమూ చేతికిచ్చింది. అది నాలుగు కిలోల హషీష్. పదేళ్ల శిక్ష పడింది. అప్పటికే గర్భిణి అయిన ఆ అమ్మాయి జైల్లోనే కన్నది. ఇంట్లో వదిలేసిన పాత ఫోన్‌లో మేనత్తతో మాటలు రికార్డయి ఉండటం, ఇక్కడి నార్కోటిక్స్ అధికారులు ఆ మేనత్త కూపీ లాగడం వల్ల 2021లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఫోన్‌లో ఆ రికార్డింగ్ లేకపోతే? మనలో ఎవరం మేనత్త ఇచ్చిన పొట్లం విప్పి చూస్తాం? చూస్తే ఆమె మొహం ఎలా పెడుతుందో తెలుసుగా.

అందరూ అమాయకులే అనడం లేదు. ఈ రెండుమూడేళ్లుగా బ్యాంకాక్ నుంచి హైడ్రోపోనిక్ గంజాయి పట్టుకొస్తూ దొరికే కుర్రాళ్లు పెరిగారు. టిక్కెట్టూ హోటలూ ఉచితం, తిరిగొచ్చేటప్పుడు ఒక ట్రాలీ బ్యాగు తేవాలి. రిమాండుకు ముందు వైద్య పరీక్షకు తెస్తే బీపీ చూస్తుండగా ఒకడు నన్ను ఫోన్ ఛార్జర్ అడిగాడు. బీటెక్ చదివాడు. బ్యాగు నాది కాదు సార్ అన్నాడు. అంతకుముందు మూడుసార్లు వెళ్లొచ్చాడని వాడి పాస్‌పోర్టు చెప్తోంది. వాడి మీద నాకు జాలి కలగలేదు.

ఇక రాయకుండా వాయిదా వేస్తూ వచ్చింది రాయాలి.

హైదరాబాద్ రాకముందు జగిత్యాల వైపు పదకొండేళ్లు ప్రాక్టీస్ చేశాను. ఇప్పటికీ నెలకు రెండు ఆదివారాలు ఆ పాత క్లినిక్‌లో కూర్చుంటాను. ఆ ఊళ్లలో దుబాయికి ఎవరు బయల్దేరినా వాడి పెట్టె సగం వాడిది కాదు. సకినాలు ఒకరివి, మామిడి తొక్కు ఒకరిది, గసగసాలు ఒకరివి, షుగరు మాత్రలు ఒకరివి. గసగసాలు యూఏఈలో, సౌదీలో నిషిద్ధమని చెప్తే నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మటన్ కూరలో వేసుకునేదానికి జైలేంది సారూ అని.

2016లో ఒక ఆదివారం ఇరవై రెండేళ్ల కుర్రాడూ, వాడికి వరసకు మామయ్యే ఒకాయనా వచ్చారు. కుర్రాడి తల్లి మోకాళ్ల నొప్పులకు నా దగ్గరే మందులు వాడుతుంది. వాడు వచ్చే వారం గల్ఫ్ పోతున్నాడు. అక్కడున్న తన తమ్ముడికి నడుం నొప్పి, ట్రామడాల్ గోలీలు అక్కడ దొరకవు, మూడు నెలలకు రాసివ్వమన్నాడాయన. తీసుకుపోయేది పోరడే గదా, వాని పేరు మీదనే రాయి సారూ అన్నాడు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. నడుం నొప్పి ఉన్న మనిషిని నేను చూడలేదు. ఎదురుగా ఉన్న కుర్రాడికి నొప్పి లేదు. కుర్రాడి పేరు, వయసు, నడుం నొప్పి అని రాసి, రోజుకు రెండు చొప్పున 180 రాసి సంతకం పెట్టాను. మన దగ్గర ఆ మందును ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చింది 2018లో. అప్పటికి డాక్టరు చీటీ ఉంటే ఏ మెడికల్ షాపులోనైనా దొరికేది. అక్కడేమో అది నియంత్రిత మందు, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే నేరం. మరుసటి ఏడాదే 290 ట్రామడాల్ మాత్రలతో ఈజిప్టులో దిగిన ఒక బ్రిటిష్ మహిళకు మూడేళ్ల శిక్ష పడింది. అక్కడున్న తనవాడి నడుం నొప్పికే తెచ్చానంది ఆవిడ కూడా.

గల్ఫ్‌లో దిగాక కుర్రాడి పెట్టెలో దొరికినవి 180 కాదు, ఆరువందల పైచిలుకు. మిగతావి ఎవరు కొన్నారో, ఎప్పుడు పెట్టారో వాడికి తెలియదన్నాడు. డాక్టరు చీటీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నానన్నాడట. ఏడు నెలలు లోపలున్నాడు. ఆ మామయ్య మళ్లీ క్లినిక్ గుమ్మం తొక్కలేదు. ఆ గోలీలు నిజంగా నడుం నొప్పికేనా అన్నది నాకీనాటికీ తెలియదు. ఆ రోజు అడిగి ఉంటే రాయలేకపోయేవాణ్ని.

తల్లి వచ్చి నా ఎదుట కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "నా కొడుకు ఏం తప్పు చేసిండు సారూ?" అని మాత్రం అడిగింది. ఏం చేయలేదమ్మా అన్నాను. నేను చేశానని ఆ పూట అనలేకపోయాను. ఆ మాట అనడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. విని, "మీరేం జేస్తరు సారూ, వాళ్లు అడిగిన్రు, మీరు రాసిన్రు" అంది. క్షమించిందో, ఇంకే డాక్టరూ దగ్గర్లో లేడనుకుందో నాకు అర్థం కాలేదు.

డాక్టర్లకు ఒక మాట. బయల్దేరేవాడి పేరు మీద ఇంకొకరి మందులు రాయమని ఎవరైనా వస్తే, ఆ ఇంకొకరిని ఫోన్‌లోనైనా చూపించమనండి. ఏ దేశానికి వెళ్తున్నాడో, ఆ మందుకు అక్కడ అనుమతి ఉందో లేదో చూడండి. పది నిమిషాలు పడుతుంది. బయట నలభై మంది ఉన్నా సరే.

ఆ కుర్రాడు ఇప్పుడు మెట్‌పల్లిలో ఆటో నడుపుతున్నాడు. వీసాకు చేసిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ, ఇంకా తీరలేదు. పోయిన ఆదివారం తల్లి మోకాళ్లకు మందు రాసిస్తే చీటీ తీసుకుని లేవలేదు. నా ముందుకు తిరిగి జరిపింది.

"అండ్ల ఏమేం గోలీలు రాసినవో సదివి చెప్పు సారూ."

ఒక్కొక్కటే చదివి చెప్పాను.